మేడ మీది సోలార్‌కు కార్బన్ లెక్క: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఇళ్లు, అపార్ట్‌మెంట్లు, చిన్న ఆఫీసుల మీద పెట్టే సోలార్‌కు జీవితచక్ర కార్బన్ లెక్క, అంటే తయారీ నుంచి పారేసేదాకా వెలువడే కార్బన్ లెక్క, కట్టడం నా పని. ఏ అసోసియేషన్ మీటింగ్‌కు వెళ్లినా అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. వాటిని దశలవారీగా ఇక్కడ రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. ఎక్కడా మరో జవాబు చదివి రావాల్సిన పని లేదు.

## మొదలుపెట్టే ముందు

సోలార్ అంటేనే పొగ లేని కరెంటు కదా, దానికి మళ్లీ కార్బన్ లెక్క ఏమిటి?

మీ మేడ మీద పొగ లేదు, నిజమే. ఆ పొగ అంతా ప్యానెల్ మీ ఇంటికి రాకముందే వెలువడింది. సిలికాన్ కొలిమిలో కొంత, అల్యూమినియం కర్మాగారంలో కొంత, గాజు ఫర్నేస్‌లో కొంత, స్టాండుకు వాడిన ఇనుములో కొంత. దీన్నే ఎంబాడీడ్ కార్బన్ అంటారు. ప్యానెల్ దాన్ని అప్పుగా నెత్తిన పెట్టుకుని వచ్చి మీ డాబా మీద ఎండలో తీర్చుకుంటుంది. ఆ అప్పు ఎంత, ఎన్నాళ్లలో తీరుతుంది, తీరాక మిగిలేదెంత అనేదే ఈ లెక్క.

ప్యానెల్ తయారీకి పట్టిన కరెంటును అది జీవితాంతం తిరిగివ్వలేదట, వాట్సాప్‌లో వచ్చింది. నిజమా?

కాదు. 3 కిలోవాట్ల ఇంటి సిస్టమ్‌తో లెక్క చూద్దాం. చైనాలో తయారైన మామూలు మోనో (ఒకే స్ఫటిక సిలికాన్) ప్యానెల్‌కు కిలోవాట్‌కు సుమారు 810 కిలోల కార్బన్ డయాక్సైడ్ అని 2021లో జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థ పరిశోధకులు లెక్కగట్టారు. అంటే మూడు కిలోవాట్లకు 2.4 టన్నులు. స్టాండు, ఇన్వర్టర్ (ప్యానెల్ కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే పెట్టె), వైర్లు, రవాణా, మధ్యలో ఒకసారి ఇన్వర్టర్ మార్పు కలిపి ఇంకో టన్ను వేసుకుందాం, కాస్త ధారాళంగానే. మొత్తం సుమారు మూడున్నర టన్నులు.

హైదరాబాద్‌లో నీడ పడని మేడ మీద ఈ సిస్టమ్ ఏడాదికి 4,350 యూనిట్ల దాకా ఇస్తుంది. గ్రిడ్ కరెంటు యూనిట్‌కు 0.72 కిలోల చొప్పున ఏడాదికి 3.1 టన్నులు ఆదా. పదమూడు, పద్నాలుగు నెలల్లో అప్పు తీరిపోతుంది. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా మిగులే. ఈ మెసేజ్ 1970ల నాటి ప్యానెళ్లకైతే కొంత అతికేదేమో. ఫార్వర్డ్ చేసేవాళ్లు తేదీ చూడరు కదా.

కార్బన్ రిపోర్టులో ఏ1, బీ6, సీ, డీ అని రాస్తారు. అవేమిటి?

భవనాల జీవితచక్ర లెక్కకు ఐరోపాలో ఈఎన్ 15978 అనే ప్రమాణం ఉంది. ఈ అక్షరాలు అందులోవే. మన దగ్గర కన్సల్టెంట్లూ వాటినే వాడుతున్నారు. ఏ1 నుంచి ఏ3 దాకా ముడిసరుకు, తయారీ. ఏ4 రవాణా, ఏ5 బిగింపు. బీ అంటే వాడుకలో ఉన్న కాలం. కడగడం, రిపేర్లు, ఇన్వర్టర్ మార్చడం ఇందులోకే వస్తాయి, భవనం వాడే కరెంటు బీ6లోకి వస్తుంది. సీ అంటే విప్పి పారేసే దశ. డీ అనేది భవనం గీత దాటాక జరిగేది, అంటే తిరిగి వాడుకోగల లోహం, గ్రిడ్‌కు పంపిన కరెంటు. డీని మిగతావాటితో కలిపి ఒకే అంకెగా చూపించకూడదు, పక్కన విడిగా రాయాలి. కలిపేసి "మా భవనం కార్బన్ నెగెటివ్" అని బోర్డు పెట్టినవాళ్లను చూశాను.

ఐపీసీసీ (ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పు సంఘం) సోలార్‌కు యూనిట్‌కు 41 గ్రాముల కార్బన్ అంటోంది, మా కన్సల్టెంట్ 30 అంటున్నాడు. ఎవరిని నమ్మాలి?

ఇద్దరినీ నమ్మవచ్చు. మధ్యలో ఏం మారిందో తెలిస్తే చాలు. 2014లో వచ్చిన ఐపీసీసీ నివేదికలో పైకప్పు సోలార్‌కు 26 నుంచి 60 గ్రాముల వరకు ఇచ్చి మధ్య విలువగా 41 అన్నారు. బొగ్గు కరెంటుకు అదే పట్టికలో 820. ఆ అధ్యయనాలన్నీ అంతకు ముందటి ప్యానెళ్ల మీద చేసినవి. ఆ తర్వాత సిలికాన్ పలకలు పలచబడ్డాయి, వజ్రపు తీగతో కోయడం వల్ల పొడిగా పోయే సిలికాన్ తగ్గింది, అంతే వైశాల్యంలో వాట్లు పెరిగాయి.

ఇక ఎండ సంగతి. గ్రాములు పర్ యూనిట్ అంటే కింద ఉండేది యూనిట్లు. అదే ప్యానెల్ బెర్లిన్‌లో కన్నా కర్నూలులో ఎక్కువ యూనిట్లు ఇస్తుంది కాబట్టి గ్రాములు తగ్గుతాయి. 30 అన్నవాడిని ఎన్నేళ్ల ఆయుష్షు, ఏడాదికి ఎన్ని యూనిట్లు వేసుకున్నావని అడగండి. ఆ రెండూ చెప్పలేకపోతే అంకెను పక్కన పెట్టేయండి.

## తయారీ దశ

ప్యానెల్లో అన్నిటికన్నా ఎక్కువ కార్బన్ ఎక్కడుంది?

సిలికాన్‌లో. ప్యానెల్ బరువులో దాదాపు ముప్పాతిక వంతు గాజే, సిలికాన్ ఉండేది కొద్ది శాతమే. కానీ ఆ కొద్దికే కరెంటు విపరీతంగా పడుతుంది. స్ఫటిక రాయిని ఆర్క్ ఫర్నేస్‌లో కరిగించాలి. వచ్చినదాన్ని వాయువుగా మార్చి శుద్ధి చేయాలి. వెయ్యి డిగ్రీల వేడిలో కడ్డీలుగా పేర్చాలి, మళ్లీ కరిగించి ఒకే స్ఫటికంగా లాగాలి, ఆపైన పలకలుగా కోయాలి. ఆ కరెంటు బొగ్గుదా, జలవిద్యుత్తా అన్నదాన్ని బట్టి ప్యానెల్ కార్బన్ ఎంతో మారిపోతుంది.

రెండో స్థానం తరచు ఫ్రేముది. కిలో అల్యూమినియం తీయడానికి 14 యూనిట్ల దాకా కరెంటు కావాలి. అది బొగ్గు కరెంటైతే ఫ్రేము తేలికగా కనిపించినా లెక్కలో బరువుగానే తూగుతుంది. ఫ్రేము లేకుండా రెండు వైపులా గాజుతో వచ్చే ప్యానెళ్లకు కిలోవాట్‌కు కార్బన్ కాస్త తక్కువగా రావడానికి కారణం ఇదే.

సబ్సిడీ కావాలంటే మన దేశంలో తయారైన ప్యానెలే పెట్టాలన్నారు. కార్బన్ కూడా తగ్గినట్టేనా?

అలా అనుకోవద్దు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు రూ. 78,000 దాకా సబ్సిడీ వస్తుంది. సెల్ (ప్యానెల్ లోపల కరెంటు పుట్టించే సిలికాన్ బిళ్ల), ప్యానెల్ రెండూ దేశంలో తయారై ఉండాలి. ఈ నిబంధన పరిశ్రమ కోసం పెట్టింది, కార్బన్ కోసం కాదు. సెల్‌కు ముందటి పలక, దానికి ముందటి పాలిసిలికాన్ (శుద్ధి చేసిన సిలికాన్) చాలావరకు చైనా నుంచే వస్తాయి. ప్యానెల్ తయారీలో ఏ దశ తీసుకున్నా చైనా వాటా 80 శాతానికి పైనే అని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2022లో చెప్పింది. ఇక్కడ జరిగే పనికి మన గ్రిడ్ కరెంటే వాడతారు, దానిలోనూ బొగ్గే ఎక్కువ.

తేడా తెలియాలంటే ఆ మోడల్‌కు కంపెనీ ఇచ్చే పర్యావరణ ప్రకటన పత్రం, అంటే ఈపీడీ, అడగండి. లేదంటే కిలోవాట్‌కు 800 కిలోలు వేసుకుని ముందుకు సాగండి. తయారైన దేశం గురించి గంటసేపు వాదించి, వాటర్ ట్యాంకు నీడను వదిలేసిన మీటింగులు చాలా చూశాను.

చైనా నుంచి ఓడలో రావడానికే బోలెడు కార్బన్ అవుతుందేమో?

ఇది చాలా చిన్న ముక్క. 3 కిలోవాట్ల ప్యానెళ్లు 170 కిలోల బరువుంటాయి. షాంఘై నుంచి చెన్నైకి ఓడలో, అక్కడి నుంచి హైదరాబాద్‌కు లారీలో వస్తే రెండూ కలిపి పాతిక, ముప్పై కిలోల కార్బన్. విచిత్రమేమిటంటే ఏడు వేల కిలోమీటర్ల ఓడ ప్రయాణానికి, ఆరు వందల కిలోమీటర్ల లారీ ప్రయాణానికి పెద్ద తేడా ఉండదు.

## బిగింపు దశ

ప్యానెళ్ల కింద బట్టలారేసుకోవడానికి ఎత్తు స్ట్రక్చర్ వేయించుకుంటున్నాం. ఫరవాలేదా?

మన ఊళ్లలో తప్పకుండా లెక్కలోకి తీసుకోవాల్సిన విషయం ఇది. విదేశీ అధ్యయనాల్లో కనిపించదు, ఎందుకంటే అక్కడ వాలు పైకప్పుకు ప్యానెల్‌ను అంటించినట్టు బిగిస్తారు. మనకు డాబా అంటే వడియాలు పెట్టుకునే చోటు, వేసవిలో పడుకునే చోటు. అందుకే ఎనిమిది, పది అడుగుల ఎత్తున జీఐ (జింకు పూత వేసిన ఇనుము) స్తంభాలు లేపుతాం.

మన దేశంలో కిలో ఉక్కుకు సుమారు రెండున్నర కిలోల కార్బన్. పొట్టి స్టాండుకు 80 కిలోల ఇనుము పట్టే చోట ఎత్తు స్ట్రక్చర్‌కు 300 కిలోలు పట్టిందనుకోండి. అదనంగా 220 కిలోల ఇనుము, అంటే 550 కిలోల కార్బన్. 3 కిలోవాట్ల సిస్టమ్ నెలకు సుమారు 260 కిలోలు ఆదా చేస్తుంది కాబట్టి తయారీ కార్బన్ అప్పు తీరే గడువు ఇంకో రెండు నెలలు పెరుగుతుంది. భయపడాల్సినంత కాదు, వదిలేయాల్సినంతా కాదు. పైగా ఎత్తు లేపడం వల్ల పారపెట్ గోడ, ట్యాంకు నీడ తప్పితే ఆ రెండు నెలలను యూనిట్ల రూపంలో తిరిగి రాబట్టుకోవచ్చు.

కొటేషన్‌లో "స్ట్రక్చర్: 1 సెట్" అని రాస్తే ఒప్పుకోకండి. ఎన్ని కిలోల జీఐ, ఎంత మందం, ఎంత గాల్వనైజింగ్ అని రాయించుకోండి. తుప్పు పట్టి పన్నెండో ఏట మార్చాల్సి వస్తే ఆ ఇనుమంతా రెండోసారి లెక్కలోకి వస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఇది తరచు జరిగేదే.

రేకుల షెడ్డు బదులు ప్యానెళ్లనే పైకప్పుగా వేస్తే?

మంచి ఆలోచన. షెడ్డు ఎలాగూ వేసేవారే అయితే ఆ రేకుల కార్బన్‌ను తీసివేయవచ్చు. షెడ్డు ఆలోచనే లేకుండా సోలార్ కోసమే వేస్తుంటే తీసివేయకూడదు. ఇందులో నిజాయితీ మీదే, లెక్కలో పట్టుకోవడం కష్టం.

అపార్ట్‌మెంట్ మీద చిన్న గాలిమర పెట్టుకుంటే ఇంకా మంచిదా?

వద్దు. గాలి కరెంటుకు యూనిట్‌కు 11 గ్రాముల కార్బన్ అని చూసి ముచ్చటపడతారు, అది బయలు ప్రదేశాల్లో పెట్టే పెద్ద మరల లెక్క. నగరంలో మేడల మధ్య గాలి సుడులు తిరుగుతుంది, బలంగా సాగదు. యూనిట్లు రాకపోతే గ్రాములు కొండెక్కుతాయి.

## వాడకం దశ

మా ఊళ్లో ఏడాదికి కిలోవాట్‌కు ఎన్ని యూనిట్లు వేసుకోవాలి?

తెలుగు రాష్ట్రాల్లో నీడ లేని చోట 1,400 నుంచి 1,500. మే నెల ఎండకు యూనిట్లు పొంగిపొర్లుతాయని అనుకుంటారు. కానీ ప్యానెల్‌కు వెలుతురు కావాలి, వేడి కాదు. 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి ఉత్పత్తి 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. రెంటచింతల ఎండలో ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే దాదాపు 14 శాతం పోయినట్టే.

దుమ్ము సంగతి వేరే. రోడ్డు పక్కన, కట్టడాలు జరిగే చోట నెలలో ఒకటి రెండుసార్లు కడగకపోతే నష్టం బిల్లులోనే కనిపిస్తుంది. బోరు నీళ్లతో కడిగి ఆరబెట్టేస్తే తెల్లటి ఉప్పు పొర పేరుకుంటుంది, అది దుమ్ముకన్నా మొండిది. ఇక ఏడాదికి 0.7 శాతం చొప్పున ప్యానెల్ నీరసిస్తుందని, 30 ఏళ్లు ఉంటుందని, ఇన్వర్టర్ 15 ఏళ్లకు మారుతుందని అంతర్జాతీయ ఇంధన సంస్థ వారి మార్గదర్శకాలు చెబుతాయి. నేను 25 ఏళ్లతో కూడా ఒకసారి లెక్కగట్టి రెండూ చూపిస్తాను.

గ్రిడ్ కరెంటుకు యూనిట్‌కు ఎంత కార్బన్ వేయాలి?

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఏటా ఇచ్చే పట్టికలో దేశం సగటు ఇటీవలి సంవత్సరాల్లో యూనిట్‌కు 0.71 నుంచి 0.73 కిలోల మధ్య ఉంది. చాలామంది దాన్నే వాడతారు, నేనూ అంతే. అయితే రెండు సంగతులు తెలిసి వాడాలి.

ఒకటి, అది బొగ్గు మండించినప్పటి పొగ మాత్రమే. సింగరేణి గనిలో తవ్వడం, రైలులో రామగుండమో విజయవాడో చేరవేయడం అందులో ఉండవు. మీ మీటర్‌కు చేరేలోపు తీగల్లో పోయే పదిహేను శాతం పైచిలుకు కరెంటూ ఉండదు. సోలార్‌కు గని నుంచి చెత్త దాకా లెక్కగట్టి, గ్రిడ్‌కు పొగగొట్టం దగ్గరే ఆపేస్తున్నామన్నమాట. ఈ పొరపాటు సోలార్‌కు వ్యతిరేకంగా పనిచేస్తుంది కాబట్టి మీ అంకె జాగ్రత్త వైపే ఉంటుంది.

రెండోది, తెలంగాణకో ఆంధ్రాకో వేరే అంకె కావాలని అడుగుతారు. దేశమంతా ఒకే గ్రిడ్‌గా కలిసి నడుస్తోంది. శ్రీశైలం నిండిన నెలలో మన కరెంటు పచ్చగా ఉందనుకున్నా, మీరు మిగిల్చిన యూనిట్‌కు ఎక్కడో ఒక థర్మల్ స్టేషనే తగ్గుతుంది.

ఏడాది పొదుపును 30తో గుణించి "94 టన్నుల ఆదా" అని ఇచ్చారు. సరైనదేనా?

ఇది మన దగ్గర నడుస్తున్న అతి పెద్ద అతిశయోక్తి. 3 కిలోవాట్లకు 30 ఏళ్లలో, నీరసం పోగా, 1,17,000 యూనిట్లు వస్తాయి. 0.72తో గుణిస్తే 84 టన్నులు. కానీ గ్రిడ్ 30 ఏళ్లూ ఇలాగే ఉంటుందా? 2070కి నికర శూన్యం (వదిలే కార్బన్, పీల్చుకునే కార్బన్ సమానం) అని 2021లో గ్లాస్గోలో మన దేశం ప్రకటించింది. కర్నూలు దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కే ఉంది. 30 ఏళ్లలో గ్రిడ్ కార్బన్ మెల్లమెల్లగా సగానికి దిగుతుందనుకుంటే ఆదా 63, 64 టన్నుల దగ్గర ఆగుతుంది. అది కూడా తయారీకి, బిగింపుకు పెట్టిన మూడున్నర టన్నుల మీద ఎంతో మేలే. ఉన్న మేలు చాలనప్పుడు కదా లేనిది కలపాలి!

పగలు గ్రిడ్‌కు పంపి రాత్రి వాడుకుంటున్నాం. బిల్లు సున్నా. కార్బన్ కూడా సున్నానా?

బిల్లులో యూనిట్‌కు యూనిట్ చెల్లు. కార్బన్‌లో చెల్లు కాదు. మధ్యాహ్నం పన్నెండుకు దేశంలో సోలార్ దండిగా ఉంటుంది, మీరు పంపిన యూనిట్ వల్ల తగ్గే బొగ్గు ఏటా కొంచెం కొంచెం తగ్గుతూ వస్తోంది. రాత్రి ఎనిమిదికి మీరు తీసుకునేది చాలావరకు బొగ్గు కరెంటే. మోటారు, వాషింగ్ మెషిన్, మిక్సీ, గ్రైండర్ పనులు పగటికి మార్చుకోవడం కార్బన్ దృష్టిలో బ్యాటరీ కన్నా మేలు, పైసా ఖర్చు లేదు. రిపోర్టులో మాత్రం స్వయంగా వాడుకున్న యూనిట్లు, పంపిన యూనిట్లు వేర్వేరు వరుసల్లో రాయండి.

బ్యాటరీ పెడితే లెక్క ఎలా మారుతుంది?

దేని బదులు పెడుతున్నారో ముందు తేల్చుకోండి. లిథియం బ్యాటరీ తయారీకి ఒక్కో కిలోవాట్ అవర్‌కు 61 నుంచి 106 కిలోల కార్బన్ అని స్వీడన్‌కు చెందిన ఐవీఎల్ సంస్థ 2019లో లెక్క తేల్చింది. 5 కిలోవాట్ అవర్ల బ్యాటరీకి 300 నుంచి 530 కిలోలు. కరెంటు పోయినప్పుడు ఫ్యాన్లు తిరగడానికే అయితే ఇది సౌకర్యం, కార్బన్ పొదుపు కాదు. ఎప్పుడూ నిండుగా ఉండి, ఆ నింపుడులో కొంత పోగొడుతూనే ఉంటుంది.

అపార్ట్‌మెంట్లో డీజిల్ జనరేటర్ బదులు అయితే కథ వేరు. లీటరు డీజిల్‌కు సుమారు 2.7 కిలోల కార్బన్, వచ్చేది మూడు యూనిట్లు. అంటే యూనిట్‌కు దాదాపు 0.9 కిలోలు, గ్రిడ్ కన్నా ఎక్కువ. ఏడాదికి ఎన్ని లీటర్లు కాలుస్తున్నారో వాచ్‌మన్ దగ్గరి పుస్తకంలో ఉంటుంది, అది చూసి లెక్కగట్టండి.

సోలార్ గీజర్ ఏడాదికి 1,500 యూనిట్లు ఆదా చేస్తుందని బ్రోషర్లో ఉంది. వేసుకోవచ్చా?

హైదరాబాద్‌లో వేసుకోవద్దు. 100 లీటర్ల నీటిని 20 డిగ్రీలు వేడి చేయడానికి 2.3 యూనిట్లు చాలు. మీ ఇంట్లో వేడినీళ్ల స్నానం కార్తీకం నుంచి శివరాత్రి దాకా వంద రోజులనుకుంటే ఏడాదికి 230 యూనిట్లు, అంటే 165 కిలోల కార్బన్. మేలో ట్యాంకులో మరిగిపోయే నీళ్లు ఎవరి ఖాతాలోనూ ఆదా కావు. ఏడాదంతా వేడినీళ్లు వాడే హాస్టల్‌కు, ఆసుపత్రికి ఇది బ్రహ్మాండమైన పెట్టుబడి.

సోలార్ వచ్చింది కదా, ఇంకో ఏసీ పెట్టుకోవచ్చా?

పెట్టుకుంటారు, అందరూ పెట్టుకుంటున్నారు. పొదుపు తగ్గేది అక్కడే. కరెంటు సంగతి పక్కన పెట్టినా ఏసీలో చల్లదనానికి నింపే గ్యాస్ ఉంది. ఆర్-32 గ్యాస్ కిలో లీకైతే 675 కిలోల కార్బన్‌తో సమానం, 3 కిలోవాట్ల సోలార్ రెండున్నర నెలల కష్టం. పాత ఆర్-410ఏ అయితే 2,088 కిలోలు, ఎనిమిది నెలలు. ఏటా గ్యాస్ నింపించుకునే ఏసీ ఉంటే ముందు ఆ లీకును బాగు చేయించండి.

## రిపోర్టు దశ

మా సోలార్ పొదుపును మేమూ, డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) కూడా చెప్పుకోవచ్చా?

ఒకే యూనిట్‌ను ఇద్దరు చెప్పుకుంటే అది రెండు యూనిట్లు కాదు. చాలా రాష్ట్రాల్లో మేడ మీది సోలార్‌ను డిస్కంలు తమ పునరుత్పాదక కొనుగోలు కోటాలో చూపించుకుంటాయి. ఇంటివారికి దీంతో ఇబ్బంది లేదు. గ్రీన్ సర్టిఫికెట్ కోసం, కంపెనీ వార్షిక నివేదిక కోసం రాసేవారు మాత్రం నెట్ మీటర్ ఒప్పందం చదివి, హక్కు ఎవరిదో ఒక వాక్యంలో రాయాలి.

## తీసేసే దశ

ఇల్లు ఎనిమిదేళ్లలో డెవలప్‌మెంట్‌కి ఇచ్చేస్తాం. ఇప్పుడు సోలార్ దండగేనా?

లెక్కను ఇంతగా తారుమారు చేసేది ఇంకోటి లేదు. 30 ఏళ్లుంటే యూనిట్‌కు 30 గ్రాములు పడే సిస్టమ్‌ను ఎనిమిదేళ్లకు విప్పి పారేస్తే దాదాపు 100 గ్రాములు పడుతుంది. బొగ్గుతో పోలిస్తే అప్పటికీ ఎంతో తక్కువే కాబట్టి దండగ కాదు. కానీ ప్యానెల్‌లో ఇంకా ఇరవై ఏళ్ల ప్రాణం ఉండగా తుక్కు చేయడం పాపం. నట్లు, బోల్టులతో బిగించే స్టాండు తీసుకోండి, వెల్డింగ్ వద్దు. వారంటీ కాగితాలు, ప్యానెల్ వెనక సీరియల్ నంబర్ల ఫొటోలు దాచండి. ఊళ్లో అన్నయ్యగారి ఇంటికో, పొలం దగ్గరికో తరలించగలిగితే మిగిలిన యూనిట్లన్నీ దక్కినట్టే.

చివర్లో రీసైకిల్ అవుతుందని ఇప్పుడే కార్బన్ తగ్గించి చూపొచ్చా?

విడిగా డీ వరుసలో, అంటే భవనం గీత దాటాక జరిగేవాటి వరుసలో, చూపొచ్చు. 30 ఏళ్ల తర్వాత ఎవరో చేస్తారన్న భరోసాతో ఇవాళ్టి అంకెను తగ్గించవద్దు. ఫ్రేము అల్యూమినియం సంగతి మాత్రం గట్టిది. దాన్ని మళ్లీ కరిగించడానికి కొత్తదానికి పట్టే శక్తిలో ఇరవయ్యో వంతే పడుతుంది.

వడగళ్లకు పగిలిన రెండు ప్యానెళ్లు మెట్ల కింద ఉన్నాయి. పాత సామాన్లవాడికి ఇచ్చేయొచ్చా?

ఇవ్వకండి. అతను ఫ్రేము ఊడదీసుకుని, రాగి తీగ తెంపుకుని, గాజుతో అంటుకున్న మిగతాదంతా చెరువు గట్టున పడేస్తాడు. సెల్స్‌ను కలిపే టంకంలో సీసం ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల్లో సోలార్ ప్యానెళ్లు కూడా ఉన్నాయి. 2034-35 దాకా వచ్చే ప్యానెల్ వ్యర్థాన్ని తయారీదారులు భద్రపరచాలి. అమ్మినవారికి సీరియల్ నంబర్లతో ఈమెయిల్ పెట్టి తీసుకెళ్లమని అడగండి. తీసుకెళ్లేదాకా గాజు రాలకుండా ముఖానికి ముఖం ఆనించి, దుప్పటి చుట్టి, వాన తగలని చోట నిలబెట్టి ఉంచండి. వెలుతురు పడితే పగిలిన ప్యానెల్‌లోనూ కరెంటు ఉంటుంది, వెనక వైర్ల కొసలకు టేపు చుట్టండి, పిల్లలను దగ్గరికి పోనివ్వకండి.